ప్రాసెసర్ లెక్కలు, కెర్నెల్ తాళాలు



2015 ఆగస్టు 10న విశాఖపట్నంలో రెడ్‌మి 2 ప్రైమ్ అనే ఫోన్ విడుదలైంది. షావోమీ కంపెనీ మన దేశంలో తయారు చేయించిన మొదటి ఫోన్ అదే. తయారైంది అప్పటి చిత్తూరు జిల్లాలోని శ్రీసిటీలో, ఫాక్స్‌కాన్ కర్మాగారంలో. సత్యవేడు వైపు పల్లెల ఆడపిల్లలకు ఫోన్ల తయారీ ఒక ఉద్యోగంగా పరిచయమైన కాలం అది. పత్రికలు ధర రాశాయి, కెమెరా గురించి రాశాయి, బ్యాటరీ గురించి రాశాయి. చిప్పు లోపల ఉన్న ఒక చిన్న విభాగం సంగతి మాత్రం ఏ ప్రకటనలోనూ లేదు.

ఆ ఫోన్‌లో ఉన్నది క్వాల్‌కామ్ స్నాప్‌డ్రాగన్ 410. అందులో ఏఆర్ఎం సంస్థ రూపొందించిన కార్టెక్స్ ఏ53 కోర్లు నాలుగు. ఒక్కో కోర్‌లో లెక్కపెట్టడం తప్ప మరో పని లేని రిజిస్టర్లు ఏడుంటాయి. వాటిలో ఒకటి గడియారపు సైకిళ్లను లెక్కపెడుతుంది. మిగిలిన ఆరింటికీ ఏం లెక్కపెట్టాలో బయటి నుంచి చెప్పాలి. ఎన్ని ఆదేశాలు పూర్తయ్యాయి, క్యాష్ అనే చిన్న మెమరీలో వెతికిన డేటా ఎన్నిసార్లు దొరకలేదు, బ్రాంచ్ ఎటు తిరుగుతుందో ప్రాసెసర్ వేసుకున్న అంచనా ఎన్నిసార్లు తప్పింది. ఇలాంటి ప్రశ్నల జాబితా పెద్దది, గళ్లు మాత్రం ఆరే. వీటినే హార్డ్‌వేర్ పెర్ఫార్మెన్స్ కౌంటర్లు అంటారు. లాప్‌టాప్‌లోనూ, సర్వర్‌లోనూ, వాతావరణాన్ని అంచనా వేసే సూపర్ కంప్యూటర్‌లోనూ ఇవి ఉన్నాయి.

ప్రోగ్రాం నెమ్మదిగా నడుస్తోందని గడియారం చూసి ఎవరైనా చెప్పగలరు. ఎందుకు నెమ్మదించిందో చెప్పడానికి ఈ కౌంటర్లు కావాలి. కానీ వాటికి పని చెప్పే రిజిస్టర్ల మీద చేయి వేసే హక్కు మామూలు ప్రోగ్రాంకి లేదు. ప్రాసెసర్ తన విశేషాధికారాలన్నీ అప్పగించేది కెర్నెల్‌కే. ఆపరేటింగ్ సిస్టమ్‌లో హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడే భాగం అది. కాబట్టి చిప్పులో కౌంటర్లు ఉన్నంత మాత్రాన చాలదు. కెర్నెల్ వాటిని పంచిపెట్టాలి, ఒకరి లెక్క ఇంకొకరి లెక్కలో కలవకుండా చూడాలి, కాపలా కాయాలి. ఈ ప్రసంగమంతా ఆ పంపకం గురించే.

ఈ కథలో ఉమ్మడి చిత్తూరు జిల్లాకు చాలా పాత సంబంధం ఒకటుంది. శ్రీకాళహస్తి ప్రాంతంలోని కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, ఆస్ట్రేలియా మీదుగా స్టాన్‌ఫర్డ్ చేరి, 1966లో డాక్టరేట్ పొంది, 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. మనిషి మాటను కంప్యూటర్‌కి అర్థమయ్యేలా చేయాలన్నది ఆయన బృందం పని. ఆనాటి యంత్రాలకు అది మోయలేని బరువు. 1976 నాటి హార్పీ అనే వ్యవస్థ 1,011 మాటల పదసంపదతో నడిస్తేనే అది పెద్ద విజయం.

అదే విశ్వవిద్యాలయంలో 1970ల మొదట్లో సి.ఎంఎంపీ అనే కంప్యూటర్‌ని కట్టారు. పదహారు పీడీపీ-11 మినీకంప్యూటర్లను పదహారు మెమరీ భాగాలతో ఒక పెద్ద క్రాస్‌బార్ స్విచ్ ద్వారా కలిపారు. మాటల్ని గుర్తించే పరిశోధనకు అంత శక్తి కావాలన్నది దాన్ని కట్టడానికి ఒక కారణం. రాజ్ రెడ్డి బృందంవారి హియర్‌సే వ్యవస్థ దాని మీద నడిచింది. ఆ యంత్రానికి విలియం వుల్ఫ్ బృందం రాసిన ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నెల్ పేరు హైడ్రా.

పదహారు ప్రాసెసర్లున్నాయి కదా అని పని పదహారు రెట్లు వేగంగా సాగదు. ఇద్దరు ఒకే మెమరీ భాగం కోసం వస్తే ఒకరు ఆగాలి. ఎవరు ఎంతసేపు ఆగారు? దీనికి జవాబు ఊహతో దొరకదని యంత్రాన్ని కట్టినవాళ్లు మొదట్లోనే గ్రహించారు. శామ్యూల్ ఫుల్లర్, రిచర్డ్ స్వాన్, వుల్ఫ్ కలిసి 1973లో ఆ యంత్రానికి కొలత పరికరాలు అమర్చడం గురించి ఒక పత్రం ప్రచురించారు. లోపలి రాకపోకల్ని గమనించే ప్రత్యేక హార్డ్‌వేర్ ఒకవైపు, కెర్నెల్‌లో జరిగేవి నమోదు చేసే ట్రేసర్ ఇంకోవైపు. యాభై ఏళ్ల తరువాత మన జేబులోని ఫోన్‌లో ఉన్న ఏర్పాటుకి మూలరూపం అందులో స్పష్టంగా కనిపిస్తుంది. రాజ్ రెడ్డి గురించి రాసే వ్యాసాల్లో ఈ యంత్రం ప్రస్తావన అరుదుగా వస్తుంది. మాటల్ని గుర్తించే శాస్త్రం ఎంత గొప్పదైనా, దాన్ని మోసిన యంత్రం పడిన కష్టం కూడా ఆ చరిత్రలో భాగమే.

కొలత పరికరం యంత్రం బయటి నుంచి చిప్పు లోపలికి చేరడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1993లో వచ్చిన ఇంటెల్ పెంటియంలో అలాంటి కౌంటర్లు రెండు, ఒక్కొక్కటి 40 బిట్ల వెడల్పు. అయితే ఇంటెల్ వాటి వివరాలను మాన్యువల్‌లో అచ్చు వేయలేదు. అపెండిక్స్ హెచ్ అనే భాగంలో పెట్టి, బయటికి చెప్పబోమని సంతకం చేసినవాళ్లకే ఇచ్చింది. నార్వేకి చెందిన ప్రోగ్రామర్ తెర్యె మాథిసెన్ ఆ రిజిస్టర్లను ఒక్కొక్కటిగా తట్టి చూసి, ఏ సంఖ్య రాస్తే ఏది లెక్కకు వస్తోందో కనిపెట్టి, 1994 జులై నెల బైట్ పత్రికలో ప్రచురించారు. డబ్బు పెట్టి కొన్న ప్రాసెసర్ తన లోపల ఏం జరుగుతోందో కొన్నవాడికి చెప్పకూడదనడం అన్యాయం. ఆయన చేసిన పని ఆ రోజుల్లో ఎందరికో దారి చూపింది. తరువాతి ప్రాసెసర్ల విషయంలో ఇంటెల్ ఆ వివరాలను తనే ప్రచురించింది.

ఇక లినక్స్ కెర్నెల్ ఈ కౌంటర్లను ఎలా అందుకుందో చూద్దాం. స్వీడన్‌లోని ఉప్సాలా విశ్వవిద్యాలయంలో మికాయెల్ పెటర్సన్ పెర్ఫ్‌సీటీఆర్ అనే ప్యాచ్ రాశారు. జాన్ లెవన్ రాసిన ఓప్రొఫైల్ 2002లో కెర్నెల్‌లో చేరింది. హ్యూలెట్ ప్యాకార్డ్‌లో స్టెఫాన్ ఎరానియన్ పెర్ఫ్‌మాన్ అనే పెద్ద వ్యవస్థను ఏళ్ల తరబడి పెంచారు. అందులో లేని సౌకర్యం లేదు. దానికోసం కెర్నెల్‌కి పదికి పైగా కొత్త సిస్టమ్ కాల్స్, అంటే ప్రోగ్రాంలు కెర్నెల్‌ని పని అడిగే దారులు, కావాల్సి వచ్చాయి. ఒకసారి లోపలికి తీసుకున్న సిస్టమ్ కాల్‌ని లినక్స్ సాధారణంగా మళ్లీ తీసివేయదు కాబట్టి, చర్చ తెగలేదు.

2008 డిసెంబర్‌లో థామస్ గ్లైక్స్నర్, ఇంగో మోల్నార్ వేరే దారి చూపారు. ఒక్కటే సిస్టమ్ కాల్. ఏది లెక్కపెట్టాలో ఒక పట్టికలో నింపి కెర్నెల్‌కి ఇస్తే, అది ఒక ఫైల్ డిస్క్రిప్టర్ తిరిగి ఇస్తుంది. దాన్ని మామూలు ఫైల్‌లాగే చదివితే లెక్క వస్తుంది. ఏ కౌంటర్‌ని ఎవరికి ఇవ్వాలో కెర్నెలే చూసుకుంటుంది. ఏళ్ల శ్రమ పక్కకు పోతోందని ఎరానియన్ వైపు వాళ్లు అభ్యంతరం చెప్పారు. ప్రాసెసర్‌లోని మెలికలన్నీ కెర్నెల్ నెత్తిన పెట్టడం సరికాదన్నది వాళ్ల వాదన. అందులో న్యాయం ఉంది. అయినా 2009 సెప్టెంబర్‌లో వచ్చిన 2.6.31 కెర్నెల్‌లోకి కొత్త పద్ధతే వెళ్లింది. పీటర్ జైల్‌స్ట్రా, పాల్ మకెర్రాస్ దాన్ని బలపరిచారు. ఎరానియన్ కూడా తరువాత అదే వ్యవస్థకు ఎన్నో మెరుగులు చేర్చారు. అంత కష్టం పక్కకు పోయాక కూడా అందులోకే వచ్చి పనిచేయడం పెద్ద మనసుకి గుర్తు. పెర్ఫ్ అనే పేరుతో ఇప్పుడు ఏ లినక్స్ యంత్రంలోనైనా దొరికేది అదే. పాత ఓప్రొఫైల్ డ్రైవర్‌ని 2021లో కెర్నెల్ నుంచి తొలగించారు.

ఈ పంపకం ఎలా సాగుతుందో చెప్పడానికి తిరుపతి, చిత్తూరు మధ్య దారిలో ఉన్న గాదంకి టోల్‌ప్లాజాని తలుచుకుందాం. అక్కడ లెక్క రాయడానికి నలుగురే ఉన్నారు, దారిన పోయే వాహనాలు ఎనిమిది రకాలు అనుకుందాం. ఒక గంట బస్సులు, లారీలు, కార్లు, ట్రాక్టర్లు రాస్తారు. మరుసటి గంట మిగతా నాలుగు రకాలు. సాయంత్రానికి ప్రతి రకం లెక్కనూ రెట్టింపు చేసి రోజు మొత్తానికి అంచనా కడతారు. కెర్నెల్ చేసేది ఇదే. అడిగిన సంఘటనలు ఎక్కువై కౌంటర్లు తక్కువైతే వంతులు వేస్తుంది. ఎంతసేపు అడిగారు, అందులో నిజంగా ఎంతసేపు లెక్కపెట్టింది అనే రెండు కాలాలనూ విడివిడిగా రాసి ఉంచుతుంది. ఇక రెండో పని, ప్రతి వెయ్యో లారీని ఆపి, ‘ఏ ఊరి నుంచి వస్తుండావన్నా?’ అని అడగడం. లారీలన్నిటినీ ఆపనక్కర్లేదు. అడిగినవాళ్లలో సగం మంది ఒకే ఊరి పేరు చెబితే, సరుకు ఎక్కడి నుంచి కదులుతోందో తెలిసిపోతుంది. దీన్నే శాంప్లింగ్ అంటారు.

శాంప్లింగ్ కోసం కెర్నెల్ కౌంటర్‌ని సున్నా నుంచి మొదలుపెట్టదు. ఇంకో లక్ష సంఘటనలు జరిగితే నిండి పొర్లేలా ముందే ఒక సంఖ్య నింపి ఉంచుతుంది. లక్షోది జరగగానే కౌంటర్ పొర్లి, చేస్తున్న పనిని ఆపించే ఇంటరప్ట్ పుడుతుంది. ఆ క్షణంలో ప్రాసెసర్ ఏ ఆదేశం దగ్గరుందో కెర్నెల్ నమోదు చేసుకుని, మళ్లీ నింపి వదులుతుంది. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లలో ఈ ఇంటరప్ట్ ఎవరూ ఆపలేని రకం. కెర్నెల్ తన సొంత పనికోసం మామూలు ఇంటరప్ట్‌లను మూసి ఉంచినప్పుడు కూడా ఇది లోపలికి వస్తుంది. అందుకే కెర్నెల్ తనలోని నెమ్మదినీ కొలుచుకోగలుగుతోంది.

ఒక ప్రోగ్రాం పక్కకు తప్పుకుని ఇంకోటి కోర్ మీదికి వచ్చిన ప్రతిసారీ మొదటిదాని లెక్కను తీసి దాచి, రెండోదాని లెక్కను ఎక్కించాలి. సెకనుకి వేలసార్లు జరగగల పని ఇది. ఇక చిన్న కౌంటర్ల బాధ వేరు. మొదట చెప్పిన ఏ53 కోర్‌లోని ఆరు కౌంటర్లూ 32 బిట్లవి. 429 కోట్ల పైచిలుకు దాటితే మళ్లీ సున్నాకి వస్తాయి. స్నాప్‌డ్రాగన్ 410 సెకనుకి 120 కోట్ల సైకిళ్లు తిరుగుతుంది. సైకిల్‌కి ఒక ఆదేశం చొప్పున పూర్తయినా, కౌంటర్ ఒక చుట్టు తిరగడానికి నాలుగు సెకన్లు కూడా పట్టదు. ఆ చుట్లను వదలకుండా పట్టుకుని 64 బిట్ల మొత్తంగా కూడబెట్టేది కెర్నెలే. ఒక్క చుట్టు తప్పినా, పైకి సరైనదిలా కనిపించే తప్పుడు లెక్క చేతికొస్తుంది.

ఈ గళ్లలో ఒకదాన్ని కెర్నెల్ తనకోసమే ఉంచుకుంటుందన్న సంగతి చాలామంది ఇంజినీర్లకు కూడా తెలియదు. చాలా లినక్స్ యంత్రాల్లో వాచ్‌డాగ్ అనే కాపలాదారు ఒక హార్డ్‌వేర్ కౌంటర్‌ని సైకిళ్లు లెక్కపెట్టడానికి పెట్టుకుంటాడు. అది పొర్లినప్పుడల్లా, ఈ కోర్ ఇంకా బతికే ఉందా, ఎక్కడైనా చిక్కుకుపోయిందా అని చూస్తాడు. కొలిచేవాడికి ఒక గడి తగ్గిందన్న మాట.

ఇంత తంటా దేనికని అడిగేవాళ్లకు జవాబు అదే గాదంకిలో ఉంది. అంతరిక్ష శాఖ కింద పనిచేసే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అక్కడుంది. 53 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే దాని ఎంఎస్‌టీ రాడార్‌లో 1,024 యాగీ యాంటెనాలు. అక్కడి శాస్త్రవేత్తలు గాలివానల్ని అంచనా వేయడానికి వాడే నమూనాల్లో డబ్ల్యూఆర్ఎఫ్ ఒకటి. శ్రీహరికోట ప్రయోగాలకు కావాల్సిన వాతావరణ అంచనాల్లో కూడా ఈ ప్రయోగశాల కృషి ఉంది. రేపటి గాలి అంచనా రేపు సాయంత్రం చేతికొస్తే ప్రయోజనం లేదు. ఇక్కడ కంప్యూటర్ వేగం ఆడంబరం కాదు, అవసరం.

డబ్ల్యూఆర్ఎఫ్‌ని ఫోర్ట్రాన్ భాషలో రాశారు. వాతావరణాన్ని గళ్లుగా కోసి, ఆ గళ్ల విలువలను మెమరీలో ఒక వరుసలో పెడుతుంది. ముందు తూర్పు పడమరలు, తరువాత ఎత్తు, ఆ తరువాత ఉత్తర దక్షిణాలు. అంటే తూర్పు పడమరలుగా ఇరుగుపొరుగున ఉన్న గళ్లు మెమరీలో కూడా ఇరుగుపొరుగునే ఉంటాయి. ప్రాసెసర్ మెమరీ నుంచి ఒక్కో విలువను విడిగా తెచ్చుకోదు. సాధారణంగా 64 బైట్ల ముక్కను తెస్తుంది. నాలుగు బైట్ల సంఖ్యలైతే అందులో పదహారు పడతాయి. ఆ వరుసలోనే లెక్క చేస్తే తెచ్చిన పదహారూ పనికొస్తాయి.

వాన లెక్క అలా లేదు. మబ్బులో నీటిబొట్టు పై నుంచి కిందికి పడుతుంది కాబట్టి, ఒక్కో నిలువు స్తంభం తీసుకుని లెక్క రాయడమే మనిషి బుద్ధికి సహజంగా తోస్తుంది. అలా రాసిన లూప్ ప్రతి అడుగులోనూ మెమరీలో ఒక వరుసంతా దూకుతుంది. పదహారు తెచ్చి ఒకటి వాడుకుని, మిగతావి మళ్లీ అవసరమయ్యేలోగా క్యాష్ నుంచి పోగొట్టుకునే ప్రమాదం ఉంది. రెండు రకాలుగా రాసినా వచ్చే వాన ఒకటే. పూర్తయిన ఆదేశాల సంఖ్య కూడా దాదాపు సమానం. క్యాష్‌లో దొరకని డేటా లెక్క మాత్రం ఒకదానిలో ఆకాశానికి లేస్తుంది. సోర్స్ కోడ్ ఎంతసేపు చూసినా కనబడనిది కౌంటర్ చూస్తే తెలుస్తుంది. వాతావరణ నమూనాలకు ఎక్కువగా కొరత పడేది లెక్క చేసే శక్తి కాదనీ, మెమరీ నుంచి డేటా వచ్చే వేగమేననీ నిపుణులు తేల్చింది ఇలాంటి కొలతలతోనే.

ఇన్ని నిజాలు చెప్పే పరికరాన్ని అందరికీ తెరిచి పెట్టవచ్చా? పక్కవాడి ప్రోగ్రాం ఎప్పుడు ఎటు తిరిగిందో, ఏ డేటాని ముట్టుకుందో కౌంటర్ల ద్వారా పసిగట్టవచ్చు. రహస్య తాళపుచెవులతో పనిచేసే ప్రోగ్రాం విషయంలో అది ప్రమాదం. పైగా కెర్నెల్ తెరిచిన ప్రతి తలుపూ కన్నం వేయడానికి ఒక చోటు. 2013లో అదే జరిగింది. ప్రోగ్రాం అడిగే సంఘటన సంఖ్య 64 బిట్లది. ఒకచోట కెర్నెల్ దాన్ని రుణ సంఖ్యలు కూడా పట్టే 32 బిట్ల గడిలో పెట్టి, మరీ పెద్దదా అని మాత్రమే చూసింది. సున్నా కంటే చిన్నదా అని చూడలేదు. రుణ సంఖ్య పంపినవాడికి కెర్నెల్ మెమరీలో చెయ్యి పెట్టే వీలు దొరికి, మామూలు వినియోగదారుడు యంత్రానికి యజమాని కాగలిగాడు. టామి రంటాలా అనే పరిశోధకుడు ట్రినిటీ అనే పరీక్ష సాధనంతో ఈ లోపాన్ని బయటపెట్టారు. సవరణ చిన్నదే. అప్పటికి ఆ లోపం రెండేళ్లకు పైగా కెర్నెల్‌లో ఉండిపోయింది.

తాళాలు ఆ తరువాత గట్టిపడ్డాయి. మామూలు వినియోగదారుడు కెర్నెల్ లోపలి పనిని కొలవకుండా 2016లో లినక్స్ అప్రమేయ కట్టడి స్థాయిని పెంచింది. అదే ఏడు ఆండ్రాయిడ్ 7 వచ్చింది. అందులో పెర్ఫ్ తలుపు మూసే ఉంటుంది, డెవలపర్ కేబుల్ తగిలించి తెరుచుకోవాలి. ఫోన్ విషయంలో ఇది మంచి నిర్ణయం. యాభై మంది విద్యార్థులు వాడే ల్యాబ్‌లో మాత్రం ఇదే గట్టితనం చదువుకి అడ్డమవుతుంది. కొలవాలంటే యంత్రం మొత్తం తాళాలూ ఇవ్వాల్సి వస్తే ఏ అధ్యాపకుడూ ఇవ్వడు. 2020లో వచ్చిన 5.8 కెర్నెల్ ఇందుకు మధ్యేమార్గం చూపింది. పెర్ఫ్‌మాన్ పేరుతోనే ఒక ప్రత్యేక అనుమతిని చేర్చి, కొలిచే హక్కును మిగతా అధికారాల నుంచి విడదీసింది.

కెర్నెల్ సోర్స్‌లో పెర్ఫ్ వ్యవస్థ ప్రధాన ఫైల్ ఉన్న ఫోల్డర్‌లోనే యూప్రోబ్స్ అనే ఫైల్ ఉంది. నడుస్తున్న ప్రోగ్రాంలో కోరిన చోట గుచ్చి, ఆ చోటికి ఎన్నిసార్లు వచ్చిందో చూసే సదుపాయం అది. 2012లో 3.5 కెర్నెల్‌లో చేరింది. ఫైల్ తలకట్టులో రచయితలుగా ఉన్నవి ఐబీఎం ఇంజినీర్లు శ్రీకర్ ద్రోణంరాజు, జిమ్ కెనిస్టన్ పేర్లు. మన ఇళ్లలో వినిపించే ఇంటిపేరు ప్రపంచంలోని లినక్స్ సర్వర్లన్నిటి సోర్స్‌లో ఉందంటే మన పిల్లలకు చూపించదగ్గ విషయమే. ఆ ఫైల్ ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు.

ప్రాసెసర్ రూపకల్పన కూడా మనకు దగ్గరికి వచ్చింది. తిరుపతి నుంచి మూడు గంటల దూరంలో, మద్రాసు ఐఐటీలో శక్తి ప్రాసెసర్లు రూపుదిద్దుకున్నాయి. అవి పాటించే రిస్క్-వీ ప్రమాణం ప్రత్యేక సంఘటనల కోసం 29 కౌంటర్ల వరకు చోటిచ్చింది. ఎన్ని నిజంగా కట్టాలో చిప్పు చేసేవాళ్ల ఇష్టం. ఇక్కడ కౌంటర్ల అదుపు కెర్నెల్‌కి కూడా పైన ఉండే ఫర్మ్‌వేర్ చేతిలో ఉంటుంది. లినక్స్ దాన్ని అడిగి పని చేయించుకోవాలి. ఆ సంభాషణకు కావాల్సిన డ్రైవర్ 2022లో 5.18 కెర్నెల్‌తో వచ్చింది. పెంటియం కాలంలో మాథిసెన్ తట్టి తట్టి కనిపెట్టాల్సి వచ్చిన కౌంటర్ల ఏర్పాటు, ఇక్కడ అందరూ చదవగల పత్రంలో ఉంది.

ఏర్పేడు దగ్గరి ఐఐటీలోనో, శ్రీసిటీ ట్రిపుల్ ఐటీలోనో, ఎస్వీయూ ఇంజినీరింగ్ కాలేజీలోనో చదివే విద్యార్థి ఇలాంటి కొలతను ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు. పెద్ద పట్టికను ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా కూడే రెండు చిన్న ప్రోగ్రాంలు రాసుకుంటే చాలు. రెండిటినీ పెర్ఫ్ స్టాట్ ఆదేశంతో నడపాలి. వర్చువల్‌బాక్స్ లోపల నడిపితే సైకిళ్ల వరుసలో అంకె బదులు నాట్ సపోర్టెడ్ అని వస్తుంది. లోపలి యంత్రానికి కౌంటర్లు అందలేదని అర్థం, కాబట్టి అసలు యంత్రం మీదే నడపాలి. ఎక్కువ సంఘటనలు అడిగితే కుడివైపు కుండలీకరణాల్లో ఒక శాతం కనిపిస్తుంది. 75 అని ఉంటే, నాలుగింట మూడు వంతుల సేపే నిజంగా లెక్కపెట్టారనీ, మిగతాది కెర్నెల్ వేసిన అంచనా అనీ తెలుసుకోవాలి. అప్పుడు అడిగేవి తగ్గించాలి, లేదా వాచ్‌డాగ్‌ని కాసేపు ఆపి దాని గడిని వెనక్కి తీసుకోవాలి. ఒక్క పరుగుని నమ్మకుండా, అదే ఆదేశానికి ఆర్ అనే ఐచ్ఛికం పక్కన 5 చేరిస్తే ప్రోగ్రాం ఐదుసార్లు నడుస్తుంది. సగటు పక్కనే, అది ఎంత అటూ ఇటూ ఊగిందో కూడా పెర్ఫ్ అచ్చు వేసి చూపిస్తుంది.